రేడియోతో హైస్కూలు పాఠాలు: ప్రసారం మొదలుకొని పరీక్ష దాకా

2020 ఏప్రిల్ నాటికి కరోనా వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు ఆగిపోయింది. ఆన్‌లైన్ క్లాసులన్నారు, యాప్‌లన్నారు, టీవీ పాఠాలన్నారు. ఆ ఆగస్టులో యూనిసెఫ్ లెక్క తీస్తే కనీసం 46.3 కోట్ల మంది పిల్లలకు వీటిలో ఏదీ అందలేదని తేలింది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఆ లెక్కలో రేడియో కూడా ఉంది. పాఠాలు గాలిలో ఉన్నాయి, పిల్లల దాకా మాత్రం చేరలేదు.

హైస్కూలు పిల్లల కోసం రేడియో పాఠాలు మొదలుపెట్టాలనుకునే టీచర్లకు, స్వచ్ఛంద సంస్థలకు, కమ్యూనిటీ రేడియో (ఆ ప్రాంతం వాళ్లే నడుపుకునే చిన్న స్టేషన్) వాళ్లకు, విద్యాశాఖ అధికారులకు ఈ మార్గదర్శి. ఇందులో నేను పదేపదే చెప్పేది ఒక్కటే: డబ్బు, శ్రమ స్టూడియో వైపు కన్నా వినేవాళ్ల వైపు ఎక్కువ పెట్టండి. చాలా చోట్ల మంచి మైకులు కొంటారు, పేరున్న గొంతులు తెస్తారు. ప్రసారం అవుతున్న అరగంటలో పిల్లవాడి చేతిలో పెన్ను ఉందా, ముందు కాగితం ఉందా అని అడిగే మనిషి మాత్రం ఉండరు.

మొదటి అడుగు: ఏ పిల్లల కోసమో తేల్చుకోండి

రేడియో పాఠాలు అవసరమయ్యే సందర్భాలు ముఖ్యంగా మూడు. మూడింటికీ ఒకే రకం కార్యక్రమం పనికిరాదు.

ఒకటి, బడి ఉంది, సబ్జెక్టు టీచరు లేరు. మారుమూల హైస్కూళ్లలో లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ టీచర్ల పోస్టులు ఖాళీగా ఉండటం చాలా పేద దేశాల్లో మామూలే. ఇక్కడ పాఠం బడి టైములో, తరగతి గదిలోనే వినిపించాలి. గదిలో ఉన్న వేరే సబ్జెక్టు టీచరు సాయం పడతారు.

రెండు, బడే మూతపడింది. 2014లో ఎబోలా అంటువ్యాధి వచ్చినప్పుడు పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో బడులు నెలల తరబడి మూసేశారు. అప్పుడు రేడియోలో పాఠాలు చెప్పారు. ఆ అనుభవం ఉండబట్టే 2020లో కరోనా వచ్చినప్పుడు మళ్లీ త్వరగా ప్రసారం మొదలుపెట్టగలిగారు. ఇలాంటి చోట పిల్లలు ఇళ్లలో ఒంటరిగా వింటారు, కాబట్టి కార్యక్రమం తనంతట తాను నిలబడగలగాలి.

మూడు, బడి ఉన్నా పిల్లలు వెళ్లలేరు. పనికి పోయేవాళ్లు, పెళ్లయిన ఆడపిల్లలు, శిబిరాల్లో ఉన్నవాళ్లు. అఫ్గానిస్తాన్‌లో 2021 నుంచి ఆడపిల్లలను సెకండరీ చదువుకు రానివ్వడం లేదు. అదే ఏడాది మార్చి 8న కాబూల్‌లో మొదలైన రేడియో బేగం అనే స్టేషన్ ఆ అమ్మాయిల కోసం పాఠ్యపుస్తకాల్లోని పాఠాలనే గాలిలోకి పంపింది. 2025 ఫిబ్రవరిలో తాలిబన్ అధికారులు కొన్ని వారాలు దాని ప్రసారాలు ఆపించారు కూడా. ఇలాంటి శ్రోతలకు వినే వేళ, వింటున్నారని ఇతరులకు తెలియకుండా ఉండే వీలు, రెండూ ముఖ్యమే.

మీ సందర్భం ఏదో తేలాక, కాగితం మీద ప్లాను గీసే ముందు పది పదిహేను ఇళ్లకు వెళ్లి చూడండి. ఇంట్లో రేడియో ఉందా అని మాత్రమే అడిగి వచ్చేయొద్దు. అది ఎవరి చేతిలో ఉంటుంది, స్టేషన్ మార్చే హక్కు ఎవరిది, బ్యాటరీలు ఎన్నాళ్లకోసారి కొంటారు, మీరు అనుకుంటున్న టైముకు ఆడపిల్ల నీళ్లకో వంటకో పోతుందా? మీ ప్లాను ఎలా ఉండాలో చాలావరకు ఈ జవాబులే తేల్చేస్తాయి. చిన్న సెల్‌ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంటుంది గానీ, చాలా వాటిలో ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా. తీగ పెట్టకపోతే రేడియో పలకదు. ఫోన్లు ఉన్నాయి కదా అని లెక్క వేసుకునే వాళ్లు ఈ చిన్న విషయం దగ్గరే దెబ్బతింటారు.

కరెంటు లేని చోట సోలార్ రేడియోలు, చేత్తో తిప్పి ఛార్జి చేసే రేడియోలు ఉన్నాయి. చేత్తో తిప్పే రేడియోను 1990ల మొదట్లో ట్రెవర్ బేలిస్ అనే బ్రిటిష్ ఆవిష్కర్త తయారుచేశారు. తర్వాత దక్షిణాఫ్రికాలో వాటి ఉత్పత్తి మొదలైంది. ఇంటికొకటి పంచే కన్నా పదిమంది కూడే చోట ఒక గట్టి రేడియో ఇవ్వడం మేలు. దాన్ని ఎవరు దాస్తారు, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అన్నది ఇచ్చే రోజే మాట్లాడుకోవాలి.

రెండో అడుగు: సిలబస్ అంతా నెత్తిన పెట్టుకోవద్దు

హైస్కూలు అనగానే సిలబస్ మొత్తం చెప్పేయాలన్న తొందర వస్తుంది. అది అయ్యే పని కాదు. వారానికి మూడు పాఠాల చొప్పున 12 వారాల టర్ములో మీకు దొరికేవి 36 పాఠాలే. అందులో రివిజనుకు, ప్రశ్నలకు జవాబులు చెప్పడానికి ఆరైనా పక్కన పెట్టాలి. అంటే మిగిలేవి 30.

ఆ 30 ఎలా ఎంచుకోవాలి? గత రెండు మూడేళ్ల పబ్లిక్ పరీక్ష పేపర్లు, దొరికితే జవాబు పత్రాలు దిద్దిన టీచర్ల మాటలు ముందు పెట్టుకోండి. పిల్లలు ఎక్కువగా తప్పుతున్న పాఠాలు ఏవి? వాటిలో చెవితో నేర్చుకోగలిగినవి ఏవి? ఈ రెండు వడపోతలు దాటినవే రేడియోకి.

చెవికి బాగా అందేవి భాషలు. ఉచ్చారణ, సంభాషణ, విని అర్థం చేసుకోవడం లాంటివి బడిలో కన్నా రేడియోలోనే బాగా సాగుతాయి, ముఖ్యంగా ఆ భాష సరిగా రాని టీచర్లు ఉన్న చోట. చరిత్ర, పౌరశాస్త్రం, సాహిత్యం కూడా అంతే. సైన్సులో 'ఎందుకు' అన్న ప్రశ్న చుట్టూ తిరిగే పాఠాలు నడుస్తాయి. లెక్కలు నడుస్తాయి, కాకపోతే చేతిలో వర్క్‌షీట్ ఉండి తీరాలి. సూత్రాలను మెట్టుమెట్టుగా రాబట్టే పొడవాటి లెక్కలు, క్లిష్టమైన రేఖాగణిత నిర్మాణాలు, ప్రయోగశాల పనులు రేడియోలో చెప్పబోతే పిల్లలకు టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు. వాటిని వదిలేయడం చేతకానితనం అనుకోవద్దు.

విద్యాశాఖలో సిలబస్ చూసేవాళ్లను ఈ దశలోనే కూర్చోబెట్టండి. స్క్రిప్టులన్నీ అయ్యాక ఆమోదానికి తీసుకెళ్తే మార్పుల పేరుతో ఒక టర్ము పోతుంది.

మూడో అడుగు: ప్రసార సమయం, సిగ్నల్

దారులు మూడు: జాతీయ ప్రసార సంస్థ, డబ్బు తీసుకుని స్లాటు ఇచ్చే ప్రైవేటు ఎఫ్‌ఎం, కమ్యూనిటీ రేడియో. జాతీయ సంస్థకు విస్తృతి ఎక్కువ. కానీ క్రికెట్టో ఫుట్‌బాలో, నాయకుడి ప్రసంగమో వస్తే మొదట ఎగిరిపోయేది మీ పాఠమే. కమ్యూనిటీ రేడియో మీ మాట వింటుంది, పిల్లల భాషలో మాట్లాడుతుంది. అయితే 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్ చదునైన నేల మీద సుమారు 10 నుంచి 15 కిలోమీటర్లు మాత్రమే పోతుంది.

ఎఫ్‌ఎం సిగ్నల్ దాదాపు చూపు పోయినంత దూరమే పోతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. మీడియం వేవ్ ఎక్కువ దూరం పోతుంది గానీ రాత్రిపూట దూరపు స్టేషన్లు వచ్చి కలుస్తాయి. షార్ట్‌వేవ్ దేశాలు దాటుతుంది, కానీ దాన్ని పట్టే సెట్లు కొన్ని ఇళ్లలోనే ఉంటాయి. మ్యాపులో గీసిన వృత్తాన్ని నమ్మొద్దు. ఒక చవక రేడియో పట్టుకుని అంచు గ్రామాలకు వెళ్లి, మీ స్లాటు టైములోనే, గది లోపల కూర్చుని వినండి. బయట అరుగు మీద బాగా వినపడి, రేకుల కప్పు కింద గరగరలాడే చోట్లు చాలా ఉంటాయి.

ప్రతి పాఠాన్ని వారంలో కనీసం రెండుసార్లు, వేర్వేరు వేళల్లో వేయించుకోండి. స్టేషనుతో ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి: ప్రసారం తప్పితే ఏ రోజు, ఏ టైములో మళ్లీ వేస్తారు, ఆ మాట ముందుగా ఎలా చెబుతారు అన్నది కూడా అందులో రాయించుకోవాలి. టైము ఒక్కసారి అటూఇటూ అయినా శ్రోతలు పోతారు, మళ్లీ రావడం కష్టం. అసలు సిగ్నలే అందని చోట్లకు పాఠాలను మెమరీ కార్డుల్లో పంపండి. కార్డు పెట్టుకునే వీలున్న చిన్న స్పీకరు ఒకటి ఉంటే అదే రేడియో.

నాలుగో అడుగు: కాగితం లేకుండా గాలిలోకి వెళ్లొద్దు

హైస్కూలు స్థాయిలో మాట ఒక్కటే చాలదు. 1965లో కెనరీ దీవుల్లో మొదలైన రేడియో ఎక్కా అనే చదువుల స్టేషన్ ఈ విషయం ముందే గ్రహించింది. రేడియోలో క్లాసు, దానికి సరిపోయే అచ్చు కాగితం, వారానికోసారి ట్యూటర్‌తో సమావేశం, ఈ మూడూ కలిస్తేనే కోర్సు. ఆ పద్ధతి తర్వాత లాటిన్ అమెరికాకు పాకింది. మలావిలో 1960ల్లో మొదలైన కరస్పాండెన్స్ కాలేజీ కూడా సెకండరీ విద్యార్థుల కోసం పోస్టులో పంపే పాఠాలు, రేడియో, స్టడీ సెంటర్లు మూడింటినీ జోడించింది.

పాఠానికి ఒక పేజీ చాలు. పైన పాఠం నంబరు పెద్ద అక్షరాల్లో, ఆ తర్వాత బొమ్మ లేదా పట్టిక, ప్రసారం మధ్యలో నింపాల్సిన ఖాళీ గడులు, అడుగున పాఠం అయ్యాక చేయాల్సిన నాలుగైదు లెక్కలో ప్రశ్నలో. జవాబులు అదే పేజీలో ఇవ్వొద్దు, వచ్చే వారం పేజీ వెనక వేయండి. పేజీలో ఖాళీ గడి ఉంటే పిల్లలు పెన్ను పట్టుకుంటారు. అంతా అచ్చు వేసి ఇస్తే, తర్వాత చదువుకుందాంలే అని మడిచి పెట్టేస్తారు.

ప్రసారం మొదలయ్యే తేదీకి కనీసం రెండు వారాల ముందు ఈ పేజీలన్నీ కలిపిన పుస్తకం పిల్లల చేతికి చేరాలి. చేరకపోతే ప్రసారాన్ని వాయిదా వేయండి. ఈ మాట ఎవరికీ నచ్చదు, ప్రారంభోత్సవం తేదీ ముందే ఖరారై ఉంటుంది కదా. అయినా పుస్తకం లేకుండా పోయిన మొదటి నాలుగు పాఠాలు పిల్లలకు నేర్పేది ఒకటే: ఇది మనకు అర్థమయ్యేది కాదు అని.

ఐదో అడుగు: స్క్రిప్టు

అసలు పని ఇక్కడే ఉంది. 1974లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు, అమెరికా ప్రభుత్వ సాయంతో, నికరాగువాలో రేడియో ద్వారా లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. చిన్న తరగతుల పిల్లల కోసం చేసిందే అయినా ఆ పద్ధతిలో కీలకమైనది ఇప్పటికీ అందరికీ పనికొస్తోంది. రేడియో అడుగుతుంది, ఆగుతుంది, పిల్లలు గట్టిగా చెబుతారు లేదా రాస్తారు, వెంటనే రేడియో సరైన జవాబు చెబుతుంది. అరగంటలో ఇలా డజన్ల కొద్దీ సార్లు జరుగుతుంది. ఇంటరాక్టివ్ రేడియో అని పేరొచ్చిన ఈ పద్ధతి తర్వాత కెన్యా, హోండురాస్, జాంబియా లాంటి ఎన్నో దేశాలకు వెళ్లింది.

హైస్కూలు పిల్లలకు ఇదే పద్ధతి వాడాలి గానీ పాటలు, చప్పట్లు, బొమ్మల గొంతులు తగ్గించాలి. పదిహేనేళ్ల వాళ్లను పసిపిల్లల్లా పలకరిస్తే రేడియో కట్టేసి లేచిపోతారు.

ఓం నియమం (వోల్టేజీ, నిరోధం, కరెంటు మధ్య సంబంధం) మీద ఒక పాఠంలో రెండు మూడు నిమిషాల ముక్క ఎలా ఉంటుందో చూడండి:

మాస్టారు: 14వ పేజీ తెరవండి. బొమ్మలో బ్యాటరీ పక్కన ఒక అంకె ఉంది. ఎంత? గట్టిగా చెప్పండి. (విరామం 4 సెకన్లు)

మాస్టారు: 12 వోల్టులు. నిరోధకం పక్కన ఎంత ఉంది? (4 సెకన్లు)

మాస్టారు: 4 ఓములు. ఇప్పుడు కరెంటు ఎన్ని ఆంపియర్లో లెక్కకట్టి మొదటి గడిలో రాయండి. (20 సెకన్లు, వెనక సన్నగా సంగీతం)

విద్యార్థిని: నాకు 48 వచ్చింది మాస్టారూ.

మాస్టారు: ఎలా వచ్చిందమ్మా?

విద్యార్థిని: పన్నెండుని నాలుగుతో గుణించాను.

మాస్టారు: సరే, ఒకటి చెప్పు. నిరోధం పెరిగితే కరెంటు పెరుగుతుందా, తగ్గుతుందా? వింటున్న మీరు కూడా చెప్పండి. (4 సెకన్లు)

విద్యార్థిని: తగ్గుతుంది.

మాస్టారు: మరి గుణిస్తూ పోతే?

విద్యార్థిని: నిరోధం పెరిగేకొద్దీ జవాబు కూడా పెరుగుతుంది. అయ్యో, అయితే భాగించాలి.

మాస్టారు: అందరూ భాగించి రెండో గడిలో రాయండి. (12 సెకన్లు, వెనక సన్నగా సంగీతం)

మాస్టారు: 3 ఆంపియర్లు.

ఇందులో గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. తప్పు జవాబు రేడియోలోని విద్యార్థినికే వచ్చింది. ఇంట్లో 48 అని రాసుకున్న పిల్లవాడు సిగ్గుపడకుండా తన తప్పు తాను చూసుకున్నాడు. ఆ తప్పు కూడా ఊహించి రాసింది కాదు, టీచర్లు జవాబు పత్రాల్లో రోజూ చూసేది. స్క్రిప్టు రాసేవాళ్లకు సబ్జెక్టు ఎంత తెలుసో, పిల్లలు ఎక్కడ తప్పుతారో కూడా అంత తెలియాలి. అందుకే రేడియో రచయితనూ, తరగతి గదిలో పాఠం చెప్పే టీచరునూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టాలి. ఇద్దరిలో ఎవరు ఒంటరిగా రాసినా లోటు తెలిసిపోతుంది.

విరామం సంగతి. నోటితో చెప్పే చిన్న జవాబుకు మూడు నాలుగు సెకన్లు, ఒక అంకె రాయడానికి పది పన్నెండు, లెక్క చేయడానికి ఇరవై, బొమ్మ గీయడానికి ముప్పై దాకా. ఇవి మొదలుపెట్టడానికి అంకెలే. అసలు విరామం తేల్చేది నిజమైన పిల్లలు. ఆరేడుగురు మధ్యరకం విద్యార్థులను కూర్చోబెట్టి స్క్రిప్టు చదివి వినిపించండి, ఎక్కువ మంది రాయడం అయ్యే దాకా ఆగి స్టాప్‌వాచ్ చూడండి. చురుకైన పిల్లవాణ్ణి కొలతగా పెట్టుకుంటే మిగతావాళ్లు వెనకబడతారు. మరీ సాగదీస్తే స్టేషన్ ఆగిపోయిందనుకుని ముల్లు తిప్పేస్తారు. ఐదు సెకన్లు దాటిన ప్రతి విరామంలోనూ సన్నటి సంగీతం పెట్టేది అందుకే.

ఇక నల్లబల్ల అలవాటు. తరగతిలో ఏళ్ల తరబడి చెప్పిన టీచరు నోట 'ఇక్కడ చూడండి', 'దీన్ని ఇటు తీసుకెళ్తే', 'ఈ పక్కది' అనే మాటలు ఆగవు. స్క్రిప్టులో ఇలాంటివి కనపడగానే ఎర్ర సిరాతో కొట్టేయండి. 'దీన్ని' బదులు 'సమీకరణంలో ఎడమవైపున్న 7ని' అనాలి.

లెక్కలు చదవడంలో ఇంకో చిక్కుంది. 'ఎక్స్ ప్లస్ త్రీ స్క్వేర్' అని గబగబా చదివితే వర్గం మూడుకా, మొత్తానికా? ఎక్స్ విలువ 2 అయితే ఒక లెక్కకు 11 వస్తుంది, ఇంకోదానికి 25. బడిలో మనం 'హోల్ స్క్వేర్' అంటాం, అది మంచి అలవాటు, రేడియోలోనూ వదలొద్దు. వర్గమూలం దగ్గర ఆ సదుపాయం లేదు. 'రూట్ నైన్ ప్లస్ సిక్స్‌టీన్' అంటే 5 కావచ్చు, 19 కావచ్చు. 'తొమ్మిది, పదహారు ముందు కూడండి, వచ్చినదానికి వర్గమూలం తీయండి' అని పనిలా చెబితే గొడవ ఉండదు. గుర్తులను ఎలా పలకాలో ఒక పేజీ జాబితా తయారుచేసి, స్క్రిప్టు రాసే ప్రతి ఒక్కరి చేతిలో పెట్టండి. ఒక్కో పాఠంలో ఒక్కోలా పలికితే పిల్లలు గందరగోళపడతారు.

ఒక పాఠం 25 నుంచి 30 నిమిషాలు మించొద్దు. అందులో కొత్త విషయం ఒకటి, మహా అయితే రెండు. మొదటి నాలుగైదు నిమిషాలు పాత పాఠాల నుంచి ప్రశ్నలు వేయండి, నిన్నటివే కాకుండా మూడు వారాల కిందటివి కూడా. విషయాన్ని ఒకేసారి గంటసేపు రుద్దడం కన్నా కొంచెం కొంచెంగా చాలా రోజులు గుర్తుచేయడం జ్ఞాపకానికి మంచిది. నిమిషానికి ఒక్కసారైనా శ్రోత ఏదో ఒకటి చేయాలి. స్క్రిప్టు పక్కన శ్రోత చేసే పనికి విడిగా ఒక వరుస గీసుకోండి. ఆ వరుసలో అర పేజీ ఖాళీగా కనిపించిందంటే అక్కడ ఉపన్యాసం చొరబడిందన్నమాట.

ఆరో అడుగు: రికార్డింగ్

దీనికి ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. కిటికీలు మూసిన చిన్న గది, గోడలకు దుప్పట్లు, నోటికి జానెడు దూరంలో మైకు, ఉచితంగా దొరికే ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ చాలు. ఫ్యాన్ ఆపేయండి. రెండు గొంతులు ఉండాలి, వినగానే తేడా తెలిసేలా, ఒక స్త్రీ, ఒక పురుషుడు అయితే మంచిది. లెక్కలు, సైన్సు చెప్పే గొంతు స్త్రీది అయితే మరీ మంచిది.

మోనోలోనే (ఒకే ఛానల్‌లో) రికార్డు చేయండి, మాటకు స్టీరియో అవసరం లేదు. అసలు కాపీ కుదించని వేవ్ (WAV) ఫైలుగా దాచాలి, అరగంటకు సుమారు 160 ఎంబీ అవుతుంది. ఫోన్లలో పంచడానికి 32 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే అదే పాఠం 7 ఎంబీకి కాస్త పైన వస్తుంది. మాట స్పష్టంగానే ఉంటుంది. పూర్తయిన పాఠాన్ని హెడ్‌ఫోన్లలో విని సంతోషపడిపోకండి. చవకబారు చిన్న రేడియో స్పీకరులో వినండి, పక్క గదిలో ఎవరో మాట్లాడుతుండగా వినండి. పిల్లలు వినేది అలాగే.

తేదీలు, పరీక్ష ప్రకటనలు, పాఠ్యపుస్తకం పేజీ నంబర్లు పాఠంలో కలిపేయకుండా విడిగా రికార్డు చేసి ముందో వెనకో అతికించండి. వచ్చే ఏడాది పుస్తకం మారితే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

ఏడో అడుగు: వినే బృందం, నడిపే మనిషి

జాంబియాలో 2000లో మొదలైన 'లెర్నింగ్ ఎట్ టావోంగా మార్కెట్' ప్రాథమిక తరగతుల కార్యక్రమమే గానీ, ఒక సంగతి బాగా చూపింది. శిక్షణ పొందిన టీచరు లేకపోయినా, ఊళ్లో కాస్త చదువుకున్న ఒక వాలంటీరు రేడియో పక్కన ఉంటే తరగతి నడుస్తుంది. హైస్కూలుకు వచ్చేసరికి ఆ వాలంటీరు పిల్లలకు ట్రిగనామెట్రీ చెప్పలేకపోవచ్చు. చెప్పనక్కర్లేదు కూడా. టైముకు రేడియో పెట్టడం, సరైన పేజీ తీయించడం, విరామంలో పిల్లలు నిజంగా రాస్తున్నారో లేదో చూడటం, పాఠం అయ్యాక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి అడుగున ఉన్న ప్రశ్నలు చేయించడం, ఇవే వారి పని.

వాలంటీరుకు ఒక్కో పాఠానికి ఐదారు వాక్యాల సూచన పత్రం ఇవ్వండి: ప్రసారానికి ముందు ఏం సిద్ధం చేయాలి, ఏ చోట పిల్లలు తడబడతారు, జవాబులు ఏమిటి. ఒకటి రెండు రోజుల శిక్షణలో సగం టైము వాళ్లతో నిజంగా పాఠం నడిపించండి. విరామంలో చాలామంది వాలంటీర్లు తామే జవాబు చెప్పేస్తారు. ఆ అలవాటు అక్కడే మాన్పించాలి. గౌరవ వేతనం ఏదో ఒకటి లేకుండా ఏడాది పొడవునా ఎవరూ నిలవరు, బడ్జెట్‌లో ముందే పెట్టండి.

బృందం పదిహేను, ఇరవై మందికి మించితే వెనక కూర్చున్నవాళ్లకు వినపడదు. ఇళ్లలో వినక తప్పని పరిస్థితి అయితే కనీసం ఇద్దరిని జత చేయండి. తల్లిదండ్రులకు చదువు రాకపోయినా వాళ్లు చేయగల సాయం ఒకటుంది: ఆ అరగంట పిల్లకు వేరే పని చెప్పకపోవడం. పాఠం మొదట్లో పెద్దవాళ్లనుద్దేశించి ఒక వాక్యం పెడితే ఆ మాట గట్టిగా అందుతుంది.

ఎనిమిదో అడుగు: తిరుగు కబురు

రేడియోకు నోరు తప్ప చెవి లేదు. ఆ చెవి మనమే పెట్టాలి. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ చేసే నంబరు, ఎస్ఎంఎస్‌లో జవాబులు, వాలంటీర్లు నెలకోసారి పంపే పేజీల కట్ట, ఏది వీలైతే అది. వచ్చిన ప్రశ్నలతో వారానికో కార్యక్రమం చేయండి. పిల్లలు అన్నిటికన్నా ఇష్టంగా వినేది దీన్నే, ఎందుకంటే తమ ఊరి పేరు వినపడుతుంది. ఊరి పేరు, ముద్దు పేరు చాలు. పిల్లల పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ గాలిలోకి వెళ్లకూడదు. ఆడపిల్లలకు ఫోన్ చేసేవాళ్లు మహిళలే అయితే మంచిది.

ఫోన్‌లో ట్యూషన్ కలిపితే ఫలితం ఇంకా బాగుంటుందా అన్నదానికి సూటి జవాబు లేదు. కరోనా సమయంలో బోట్స్వానాలో ప్రాథమిక తరగతుల ఇళ్లకు వారం వారం ఎస్ఎంఎస్‌తో పాటు ఫోన్ చేసి లెక్కలు చెబితే పిల్లలు మెరుగుపడ్డారు. ఎస్ఎంఎస్ ఒక్కటే పంపితే పెద్దగా ఫలితం రాలేదు. సియెర్రా లియోన్‌లో రేడియో పాఠాలకు తోడు టీచర్లు ఫోన్ చేసిన చోట పిల్లలు చదువు మీద పెట్టిన సమయం పెరిగింది గానీ పరీక్షలో మార్కులు పెరగలేదు. నా ఉద్దేశంలో దీన్నుంచి తీసుకోవాల్సింది ఇది: పిల్లవాడి స్థాయి చూసి ఒక చిన్న లెక్క చేయించే ఫోన్ పనికొస్తుంది, 'పాఠం విన్నావా' అని అడిగి పెట్టేసే ఫోన్ మీద ఖర్చు దండగ.

తొమ్మిదో అడుగు: నేర్చుకున్నారా లేదా అని కొలవండి

'ఇన్ని లక్షల మందికి చేరాం' అని నివేదికల్లో రాసేది ఎక్కువగా ట్రాన్స్‌మిటర్ పరిధిలో ఉన్న జనాభా లెక్క. దాన్ని పక్కన పెట్టండి. ప్రతి నెలా ముందుగా చెప్పకుండా, ప్రసార సమయానికి, చీటీ తీసి ఎంచిన కొన్ని చోట్లకు మనిషిని పంపండి. రేడియో మోగుతోందా, పేజీ తెరిచి ఉందా, గడులు నిండాయా, ఈ మూడు చూస్తే చాలు.

టర్ము మొదట్లో ఒక చిన్న పరీక్ష, చివర్లో అదే స్థాయిది ఇంకొకటి. వినని బడుల్లోని అలాంటి పిల్లలకు కూడా అవే పెట్టండి, లేకపోతే వచ్చిన మెరుగుదల రేడియో వల్లనా, వయసు వల్లనా తెలియదు. నికరాగువాలో అలా పోల్చి చూశారు కాబట్టే రేడియోలో లెక్కలు నేర్చుకున్న పిల్లలు ముందున్నారని ధైర్యంగా చెప్పగలిగారు. ప్రశ్నల వారీగా చూడండి. ఏ పాఠం తాలూకు ప్రశ్న అందరూ తప్పారో ఆ పాఠం స్క్రిప్టు తిరగరాయాల్సిందే. ముప్పై పాఠాల్లో ఏడెనిమిది తిరగరాయాల్సి రావడం మామూలే, బడ్జెట్‌లో దానికి చోటు ఉంచండి.

పదో అడుగు: రెండో ఏడాది నిలబడటం

రేడియో ఖర్చు లెక్క వేరుగా ఉంటుంది. స్క్రిప్టు, రికార్డింగ్ ఖర్చు వందమంది విన్నా లక్షమంది విన్నా ఒకటే. పుస్తకం, వాలంటీరు ఖర్చు మాత్రం పిల్లల సంఖ్యతో పెరుగుతుంది. అందుకే ఒక్క ఏడాదికి చేస్తే చాలా ఖరీదు, నాలుగైదేళ్లు అవే పాఠాలు వాడితే చాలా చవక. దాతల డబ్బుతో బ్రహ్మాండంగా మొదలై, ఆ డబ్బు ఆగగానే మూతపడిన కార్యక్రమాలు ఈ రంగంలో లెక్కలేనన్ని. మొదటి ఏడాదిలోనే కనీసం ఒక ఖర్చు, వాలంటీర్ల వేతనమో పుస్తకాల అచ్చో, ప్రభుత్వ బడ్జెట్‌లోకి ఎక్కించండి. స్క్రిప్టులు రాసేవాళ్లలో సగం మంది విద్యాశాఖ ఉద్యోగులే అయ్యేలా చూడండి.

వినపడని పిల్లల కోసం స్క్రిప్టులను విడిగా అచ్చు వేసి ఉంచండి. ఎలాగూ రాసి ఉన్నవే కాబట్టి ఇది దాదాపు ఖర్చు లేని పని.

రచయితలతో, గొంతు ఇచ్చినవాళ్లతో చేసుకునే ఒప్పందంలో పాఠాలను ఇతరులు ఉచితంగా వాడుకోవచ్చు, అనువదించుకోవచ్చు అని మొదట్లోనే రాయించుకోండి. 2020లో సియెర్రా లియోన్, లైబీరియాల్లో బడులు నడిపే రైజింగ్ అకాడమీస్ తన రేడియో స్క్రిప్టులను ఎవరైనా వాడుకునేలా ఇచ్చేసింది, వేరే దేశాల వాళ్లు వాటిని తమ భాషల్లోకి మార్చుకున్నారు. మీరు కూడా ఖాళీ కాగితంతో మొదలుపెట్టే ముందు అలాంటివి ఏమున్నాయో వెతకండి. తెచ్చుకున్న స్క్రిప్టుల్లో విరామాలు మాత్రం మీ పిల్లల ముందు మళ్లీ కొలుచుకోవాలి.